ఆవిష్కరణ ఇంజినీరింగ్ విద్యార్థుల సొత్తేనా? అన్ని శాఖల విద్యార్థులనూ కలిపే దారి ఏమిటి?

సంధానకర్త | మార్చి 24, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వాణిజ్యశాస్త్రం బోధిస్తాను. రెండేళ్ల క్రితం మా ఆవిష్కరణల మండలి బాధ్యత కూడా నాకు అప్పగించారు. కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ, అంటే నేటి విద్యాశాఖ, 2018 నుంచి విద్యాసంస్థల్లో ఇలాంటి మండళ్లను ఏర్పాటు చేయిస్తోంది. 2019లో విద్యార్థుల కోసం, అధ్యాపకుల కోసం జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానాన్ని కూడా ప్రకటించింది. కాగితం మీద మా దగ్గర లోటేమీ లేదు. మండలి ఉంది, ఏడాది పొడవునా కార్యక్రమాలున్నాయి, ప్రతిదానికీ ఫొటోలతో సహా నివేదిక వెళుతోంది.

గత నెల ఆలోచనల పోటీ పెట్టాము. వచ్చిన జట్లలో ఒకటి రెండు మినహా అన్నీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులవే, చూపించినవి దాదాపు అన్నీ మొబైల్ యాప్‌లే. తెలుగు, చరిత్ర, రసాయనశాస్త్రం, గృహవిజ్ఞానం శాఖల పిల్లలు ప్రేక్షకులుగా కూర్చున్నారు. కుర్చీలు నిండాలని వాళ్లను పిలిపించిన వారిలో నేనూ ఉన్నాను, అందుకు ఇప్పుడు బాధపడుతున్నాను. పోటీ ముగిశాక ఎం.ఏ. తెలుగు మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు నా దగ్గరికి వచ్చి, "మాలాంటి వాళ్లు కూడా ఇందులో చేరవచ్చా సార్?" అని అడిగింది. ఆమెది ఆత్రేయపురం దగ్గర పల్లె. ఇంట్లో తల్లి, పిన్నులు వేసవిలో మామిడి తాండ్ర చేస్తారు. రసం తీసి, తీపి కలిపి, చాపల మీద పొర పోసి ఎండబెట్టి, ఆరిన పొర మీద మరో పొర పోస్తూ రోజుల తరబడి చేసే పని అది. అకాల వర్షం వస్తే చాపలకు చాపలే పాడైపోతాయని, దానికి ఏదైనా ఉపాయం ఉంటుందేమోనని ఆ అమ్మాయి అడిగింది. తనతో తెచ్చిన ముక్కను తిరగేసి చూపించింది. దాని అడుగున చాప అల్లిక అచ్చు గీత గీతగా పడి ఉంది.

ఆ రోజు వేదిక మీద చూసిన యాప్‌లన్నిటి కంటే ఇదే అసలైన సమస్య అనిపించింది. అయితే యంత్రశాస్త్రం, ఆహారశాస్త్రం, వాణిజ్యశాస్త్రం, తెలుగు శాఖల విద్యార్థులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే ఏర్పాటు మా విశ్వవిద్యాలయంలో ఎక్కడా లేదు. మీ అనుభవంలో ఇది ఎక్కడైనా జరిగిందా? జరిగితే దేనివల్ల జరిగింది?

యంత్రశాల | మార్చి 24, రాత్రి 10:35

నేను ఇరవై ఆరేళ్లుగా ఒక ఇంజినీరింగ్ కళాశాల వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. నేను ముందుగా చెప్పదలచింది తాళంచెవి గురించి. మా వర్క్‌షాప్‌లో లేత్‌లు, వెల్డింగ్ బల్లలు, డ్రిల్లింగ్ యంత్రాలు అన్నీ ఉన్నాయి. సాయంత్రం అయిదు కాగానే తాళం పడుతుంది. పిల్లలకు తరగతులు ముగిసేదీ అప్పుడే. వేరే శాఖ విద్యార్థి లోపలికి రావాలంటే ఇద్దరు శాఖాధిపతుల సంతకాలు కావాలి, ఒక్క అడుగు ఇనుప పట్టీ వాడినా స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. ఆడిట్‌లో లెక్క తేలకపోతే స్టోర్ కీపర్ జీతంలోంచి కోత పడుతుంది కాబట్టి అతను తలుపు తీయడానికి జంకుతాడు. అతణ్ణి నేను తప్పుపట్టను.

హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్‌కు మా పిల్లలను ఒకసారి తీసుకెళ్లాను. లేజర్ కోత యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు, లోహపు పని, చెక్క పని, పింగాణీ పని అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి, సుమారు 78,000 చదరపు అడుగుల చోటు. అక్కడ నన్ను కదిలించింది యంత్రాలు కావు. ఎవరైనా ఒక వస్తువు ఊహించుకుని వస్తే, నువ్వు ఏ శాఖ వాడివని అడగకుండా ముందు భద్రతా శిక్షణ ఇచ్చి, తర్వాత పనిలోకి దింపాలన్న ఆలోచన. అంత భవనం మనకు అక్కర్లేదు. ఉన్న వర్క్‌షాప్‌ను వారానికి రెండు సాయంత్రాలు అందరికీ తెరిస్తే చాలు. అప్పుడు తాండ్ర ఆరబెట్టే పెట్టె నమూనా మా ఫిట్టర్ చేతనే చేయించవచ్చు.

పైరగాలి | మార్చి 25, ఉదయం 7:20

నేను వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆహార సాంకేతికత చదువుతున్నాను. తాండ్ర ఎండబెట్టడం పైకి కనిపించేంత తేలిక కాదు. వేడి ఎక్కువైతే రంగు నల్లబడుతుంది, మామిడి వాసన పోతుంది. వేడి చాలకపోతే పై పొర ఆరినట్టు కనిపించినా లోపల తేమ మిగిలి బూజు పడుతుంది. మేము వాటర్ యాక్టివిటీ అనే కొలత చూస్తాము, అంటే సూక్ష్మజీవులు వాడుకోగల నీరు పదార్థంలో ఎంత ఉందో చెప్పేది. అది 0.6 కంటే తగ్గితే బూజుగాని, బ్యాక్టీరియాగాని పెరగలేవు. ఆ కొలత తీసే పరికరం మా ప్రయోగశాలలో ఉంది. పరిశోధక విద్యార్థులు వాడుకుంటారు, బయటి నమూనా తెస్తే రుసుము కట్టాలి. ఆ అమ్మాయి ముక్కలు పంపిస్తే నేను మా మేడమ్‌ను అడిగి చూస్తాను.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. నమూనా చేయడం మొదలుపెట్టే ముందు ఆ ఇళ్లకు ఎవరైనా వెళ్లి చూడండి. మేము మొదటి సంవత్సరంలో చిరుధాన్యాల బిస్కెట్టు తయారు చేశాము. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఉత్సాహం అది. ప్రయోగశాలలో అందరూ మెచ్చుకున్నారు. హాస్టల్ పిల్లలకు పెడితే ఒకటి తిని రెండోది ముట్టుకోలేదు. గొంతులో పొడిగా అడ్డుపడుతోందని మూడు నెలల తర్వాత తెలిసింది. మొదటి వారమే అడిగి ఉంటే ఆ మూడు నెలలూ మిగిలేవి.

పాలో ఆల్టో తెనాలి | మార్చి 25, ఉదయం 11:50

పైరగాలి గారు చెప్పినదానికి నేనుండే అమెరికా నుంచి ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పేద ప్రజలకు అతి చవకైన వస్తువులను రూపొందించే పాఠ్యాంశం ఒకటి ఉంది. వేర్వేరు శాఖల విద్యార్థులను ఎంపిక చేసి, కావాలనే ఒక జట్టుగా కలుపుతారు. 2007లో ఒక జట్టుకు నెలలు నిండకుండా పుట్టిన శిశువులను వెచ్చగా ఉంచే చవక ఇంక్యుబేటర్ చేయమని పని ఇచ్చారు. ఆ జట్టులో వ్యాపార నిర్వహణ, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు ఉన్నారు. ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే నగర ఆసుపత్రుల్లో దానంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. బరువు తక్కువ పిల్లలు పుట్టేది పల్లెల్లో, ఆసుపత్రికి చేరేలోపే వాళ్లు చలికి చనిపోతున్నారు. కరెంటు నిలకడగా లేని ఇంట్లో తల్లి తన చేతుల్లోనే బిడ్డను వెచ్చగా ఉంచుకోవడం ఎలాగన్నదే వాళ్లకు అసలు ప్రశ్న అయింది. చివరికి చేసింది చిన్న పడక సంచి. అందులో కరిగి గట్టిపడే మైనం లాంటి పదార్థం 37 డిగ్రీల వేడిని కొన్ని గంటలపాటు నిలుపుతుంది. ఆ జట్టు పెట్టిన ఎంబ్రేస్ అనే సంస్థ తర్వాత బెంగళూరుకు వచ్చి పని చేసింది.

ఇంజినీర్లు మాత్రమే ఉన్న జట్టు అయితే ఇంక్యుబేటర్ ధర తగ్గించే పనిలోనే ఉండిపోయేదేమో. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. అది క్లబ్బు కాదు, మార్కులున్న పాఠ్యాంశం. సాయంత్రం ఖాళీ దొరికితే చేసే పనిగా పెడితే పరీక్షలు రాగానే అందరూ వదిలేస్తారు.

తూర్పుగట్టు | మార్చి 25, రాత్రి 8:05

నేను కొంచెం భిన్నంగా మాట్లాడతాను, అన్యథా భావించవద్దు. విద్యార్థులను ప్రోత్సహించాలని అందరూ అంటారు, ప్రోత్సాహం విని దిగినవాడికి ఏమవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. నేను బీటెక్ ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరంలో ఇద్దరు మిత్రులతో కలిసి అపార్ట్‌మెంట్ల నీళ్ల ట్యాంకులకు మట్టం చెప్పే పరికరం తయారు చేశాను. పోటీల్లో బహుమతులు వచ్చాయి, స్థానిక పత్రికలో ఫొటో వచ్చింది. అరవై దాకా అమ్మాము. నాలుగో నెల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ట్యాంకు నిండినా నిండలేదని చూపిస్తోందని, అర్ధరాత్రి మోటారు ఆగక నీళ్లు మెట్ల మీదుగా కారాయని. విప్పి చూస్తే నీళ్లలో దించిన స్టీలు కడ్డీల్లో ఒకటి తినేసినట్టు సన్నబడింది, రెండోదాని మీద తెల్లటి పెచ్చు కట్టింది.

మా ముగ్గురికీ కారణం అంతుపట్టలేదు. ఇంటర్మీడియట్‌లో మాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారికి ఆ కడ్డీలు చూపిస్తే అర నిమిషంలో చెప్పేశారు. "బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి. మీరు ఒకే దిశలో కరెంటు నిరంతరం పంపిస్తున్నారు. అది విద్యుద్విశ్లేషణరా, మీకు రికార్డులో రాయించాను కదా!" అన్నారు. దిశ మారే కరెంటును కొన్ని క్షణాలకొకసారి మాత్రమే పంపితే ఆ తినివేత చాలావరకు తగ్గేది, లేదంటే తేలే బంతి వాడుకోవలసింది. మా కళాశాల భవనంలో పై అంతస్తు రసాయనశాస్త్ర విభాగమే. నాలుగేళ్లలో ఒక్కసారీ ఆ మెట్లు ఎక్కలేదు.

డబ్బు సంగతి వేరే. మరమ్మతుకు వెళ్లి వచ్చే పెట్రోలు ఖర్చు, మార్చి ఇచ్చే విడిభాగాల ఖర్చు ధరలో కలపలేదు. ప్రతి పరికరం మీద లాభం వస్తోందనుకున్నాము, నిజానికి ప్రతి ఫిర్యాదుకూ నష్టపోతున్నాము. పద్నాలుగో నెలలో మూసేశాము. ఇంట్లో తెచ్చిన అప్పు లక్షా ఎనభై వేలు తీర్చడానికి నాకు మూడేళ్లు పట్టింది. వాటాల గురించి ముందుగా ఒక్క కాగితమైనా రాసుకోనందువల్ల ఇద్దరు మిత్రుల్లో ఒకరితో ఇప్పటికీ మాటల్లేవు. కాబట్టి అందరినీ కంపెనీలు పెట్టమని ఎగదోయకండి. కంపెనీ పెట్టకముందే తప్పులు బయటపడే చోటు ఒకటి విశ్వవిద్యాలయంలో చూపించండి.

సంధానకర్త | మార్చి 26, ఉదయం 6:45

తూర్పుగట్టు గారూ, మీరు రాసింది మా మండలి సమావేశంలో చదివి వినిపించడానికి అనుమతి ఇవ్వగలరా? మీ పేరు అడగను. మా బి.కాం. పిల్లలు మూడేళ్లు వ్యయగణన చదువుతారు. పాఠ్యపుస్తకంలో ఉన్న కర్మాగారం లెక్క తప్ప నిజమైన వస్తువు లెక్క ఒక్కటీ వేయరు. మీ ట్యాంకు పరికరానికి అమ్మకం తర్వాతి ఖర్చు ఎంతో తేల్చడం వాళ్లకు ఒక మధ్యాహ్నం పని. అటువైపు వస్తువు ఉండి లెక్క లేదు, ఇటువైపు లెక్క వచ్చి వస్తువు లేదు. రెండు భవనాల మధ్య నడక అయిదు నిమిషాలే.

తూర్పుగట్టు | మార్చి 26, ఉదయం 8:30

నిరభ్యంతరంగా చదవండి మాస్టారూ. కడ్డీల ఫొటో కూడా పంపిస్తాను, పిల్లలకు చూపించండి.

యంత్రశాల | మార్చి 26, మధ్యాహ్నం 1:15

తూర్పుగట్టు గారు మెట్లు ఎక్కకపోవడం గురించి రాస్తే అబ్దుల్ కలాం గారు పలుమార్లు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఆయన హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలలో ఉన్నప్పుడు నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకరు అక్కడికి వెళ్లి, అగ్ని క్షిపణి కోసం తయారు చేసిన తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. వెంటనే కలాం గారిని తమ ఆసుపత్రికి పిలుచుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు కాళ్లకు తగిలించుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో అవే కాలిపర్లు 300 గ్రాముల బరువుతో తయారయ్యాయి. పదార్థం అంతకుముందే ఉంది, పిల్లలూ అంతకుముందే ఉన్నారు. లేనిదల్లా ఆ వైద్యుడు ప్రయోగశాల గడప దాటి లోపలికి రావడమే.

మన దగ్గర కనీసం నెలకొకసారి ఒక శాఖ తలుపులు తెరిచి, మా దగ్గర ఉన్న పరికరాలు ఇవీ, మాకు వచ్చిన పని ఇదీ అని మిగతా శాఖలకు చూపించే రోజు పెట్టాలని నా అభిప్రాయం. ఉపన్యాసాలు వద్దు. చేతికి ఇచ్చి పట్టుకోనివ్వాలి.

పోగుబంధం | మార్చి 26, రాత్రి 9:40

నేను యాదాద్రి జిల్లా చేనేత కుటుంబం నుంచి వచ్చాను, ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. మా ప్రాంతంలో చింతకింది మల్లేశం గారు చేసిన లక్ష్మీ ఆసు యంత్రం గురించి మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి చీరకు పోగులు రంగు అద్దకానికి సిద్ధం చేసే ముందు వాటిని అర్ధవలయంగా ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి, దానినే ఆసు పోయడం అంటాము. ఒక చీరకు చెయ్యి వేల సార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. ఆ పని ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. హైస్కూలు చదువైనా పూర్తి కాలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అందరూ ఆయన పట్టుదలను మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. నన్ను ఎక్కువగా బాధించేది ఆ ఏడేళ్లు. మోటారు గురించి, గేర్ల గురించి అడగడానికి పక్కన ఒక్క మనిషి ఉన్నా అందులో ఎన్ని ఏళ్లు మిగిలేవో! ఆ ఏళ్లలోనూ ఎంతమంది తల్లులు చేత్తోనే ఆసు పోశారో! ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థికి ఆసు అంటే ఏమిటో తెలియదు, మా అమ్మకు గేరు అంటే ఏమిటో తెలియదు. ఈ రెండు మాటలూ తెలిసినవాడు మధ్యలో ఉండాలి. చరిత్ర, తెలుగు, సమాజశాస్త్రం చదివే మాకు ఊళ్లలో తిరిగి, మనుషులతో మాట్లాడి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం నేర్పుతారు. ఆవిష్కరణలో మా పాలు అదే అనుకుంటున్నాను. మమ్మల్ని జట్టులోకి పోస్టర్లు రాయడానికి, యాంకరింగ్ చేయడానికి తీసుకోవద్దని ప్రార్థన.

హక్కుపత్రం | మార్చి 27, ఉదయం 10:00

నేను మేధోహక్కుల న్యాయవాదిని. పోటీలు పెట్టే అధ్యాపకులకు ఒక హెచ్చరిక. కొత్త పరికరాన్ని వేదిక మీద ప్రదర్శించి, యూట్యూబ్‌లో పెట్టి, ఆరు నెలల తర్వాత పేటెంటు కావాలని నా దగ్గరికి వచ్చే విద్యార్థులు చాలామంది ఉన్నారు. బహిరంగపరిచాక అది కొత్తది కాకుండా పోతుంది. ప్రదర్శనకు ముందే పేటెంటు కార్యాలయంలో తాత్కాలిక వివరణ పత్రం (ప్రొవిజనల్ స్పెసిఫికేషన్) దాఖలు చేస్తే పూర్తి వివరణకు 12 నెలల గడువు దొరుకుతుంది. 2021 సవరణ తర్వాత విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం తగ్గింపు ఉంది, కాబట్టి ఖర్చు సాకు కాకూడదు.

తాండ్ర విషయంలో ఇంకో సంగతి. సంప్రదాయంగా వస్తున్న తయారీ పద్ధతికి మన చట్టం పేటెంటు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అది ఆ ఊళ్ల ఉమ్మడి ఆస్తి. కొత్తగా రూపొందించే ఆరబెట్టే సాధనానికి మాత్రం అవకాశం ఉండవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తాండ్ర తయారీదారులు కూడా సంఘంగా ఏర్పడితే ఆ దారి పరిశీలించవచ్చు.

హక్కు ఎవరిదన్న ప్రశ్న మొదటి రోజే తేల్చుకోండి. 2019 విధానం ప్రకారం విశ్వవిద్యాలయం సౌకర్యాలు, నిధులు గణనీయంగా వాడితే, లేదా పాఠ్యాంశంలో భాగంగా చేస్తే హక్కు విద్యార్థికీ సంస్థకూ ఉమ్మడిగా ఉంటుంది. అలా కాకపోతే విద్యార్థిదే. సంస్థ తాను ఇచ్చిన సహాయాన్ని బట్టి విద్యార్థి స్టార్టప్‌లో 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. తూర్పుగట్టు గారి మిత్రుల మధ్య వచ్చిన చిక్కు నేను వారానికొకటి చూస్తాను. ఎవరి వాటా ఎంత, మధ్యలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఏం చేయాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఒక పేజీలో రాసి అందరూ సంతకం చేస్తే సగం గొడవలు పుట్టవు.

తొలిమెట్టు | మార్చి 27, సాయంత్రం 6:20

నేను కొత్త స్టార్టప్‌లకు తోడ్పడే ఒక ఇంక్యుబేషన్ కేంద్రంలో పనిచేస్తాను. నిధుల పథకాలు లేవని ఎవరూ అనలేరు. నమూనా తయారీకి కేంద్ర ప్రభుత్వ పథకాలైన నిధి-ప్రయాస్ కింద పది లక్షల వరకు, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద ఇరవై లక్షల వరకు గ్రాంటు ఉంది. వ్యవసాయ రంగానికి రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద విడిగా సహాయం ఉంది. మహిళలకు హైదరాబాద్‌లో 2018 మార్చి 8న మొదలైన వీ-హబ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది, రాజమహేంద్రవరంలోనూ దాని ప్రాంతీయ కేంద్రం ఉంది కాబట్టి ఆ అమ్మాయి ఊరికి దగ్గరే.

అయితే మా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో ఎం.ఏ., బి.ఏ. విద్యార్థులవి ఎందుకు ఉండవో నాకు కొంతవరకు తెలుసు. ఈ పథకాలన్నీ చేతిలో ఏదో ఒక నమూనా, ఎంతో కొంత సమాచారం ఉన్నవాళ్ల కోసం రూపొందాయి. మొదటి నమూనాకు కావలసింది పది లక్షలు కాదు, అయిదు వేలు. పైపులు, షీటు, బస్సు చార్జీలు. ఆ అయిదు వేలకు మూడు కొటేషన్లు, కొనుగోళ్ల కమిటీ, ఫైనాన్స్ అధికారి సంతకం అంటే రెండు నెలలు గడిచి మామిడి సీజన్ అయిపోతుంది. వార్షిక బడ్జెట్‌లో కనీసం ఒక శాతం ఆవిష్కరణలకు కేటాయించాలని 2019 విధానమే సూచించింది. అందులో కొద్ది భాగాన్ని మండలి సంధానకర్త ఒక్క సంతకంతో, వారంలోపు ఇవ్వగలిగేలా పెట్టండి. లెక్క బిల్లులతో సహా తర్వాత అడగండి. పాడైన నమూనాకు కూడా డబ్బు ఇచ్చామని రాసుకునే ధైర్యం ఉండాలి.

తూర్పుగట్టు | మార్చి 27, రాత్రి 9:15

హాజరు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. స్టార్టప్ నడిపే విద్యార్థికి హాజరు తక్కువైనా పరీక్ష రాయనివ్వాలని అదే 2019 విధానం చెబుతోంది. సంతోషం. కానీ రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అంటే ఫీజు సొంతంగా కట్టుకోగలిగినవాడికే ఆ సడలింపు పనికొస్తుంది. రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లవాడు, నా లాంటివాడు, ఊళ్లు తిరిగితే ఫీజు పోతుంది. క్షేత్రానికి వెళ్లిన రోజును తరగతికి హాజరైన రోజుగా నమోదు చేసే పద్ధతి పెట్టనంత వరకు పేద విద్యార్థి ఇందులోకి రాడు. పాలో ఆల్టో మిత్రులు చెప్పినట్టు పాఠ్యాంశంగా పెడితే ఈ చిక్కు కూడా విడిపోతుంది.

సంధానకర్త | మార్చి 30, రాత్రి 8:50

ఇది నాకు తట్టలేదు. మీకు రుణపడి ఉన్నాను. రెండు క్రెడిట్ల ఐచ్ఛిక పాఠ్యాంశంగా ప్రతిపాదన రాస్తున్నాను. ప్రతి జట్టులో కనీసం మూడు శాఖల వాళ్లు ఉండాలి, మొదటి నాలుగు వారాలు ఎవరూ ఏమీ తయారు చేయకూడదు, ఊళ్లకు వెళ్లి చూడాలి, అది హాజరుగా లెక్కకు రావాలి. మార్కులు నమూనా విజయానికి కాకుండా, వేసుకున్న ప్రశ్న ఎంత మారిందో రాసిన దినచర్యకు ఇవ్వాలని నా ఆలోచన. తాండ్ర గురించి అడిగిన తెలుగు శాఖ అమ్మాయిని ఈ చర్చ చదవమన్నాను.

గోదారి ఒడ్డు | మే 3, సాయంత్రం 5:30

అందరికీ నమస్కారాలు. తాండ్ర గురించి అడిగింది నేనే. మా సార్ చెప్పినట్టు చరిత్ర శాఖ అమ్మాయి ఒకరు, బి.కాం. అబ్బాయి ఒకరు, నేను కలిసి మా ఊళ్లో ఆరు ఇళ్లకు నాలుగు ఆదివారాలు వెళ్లాము. అది మా అమ్మ పని కాబట్టి నాకు అంతా తెలుసనుకున్నాను. నాకు తెలియనివి చాలా ఉన్నాయి.

ఆరబెట్టే పెట్టె కావాలని ఒక్కరూ అనలేదు. "రెండు నెలల పనికి పెట్టె కొని పది నెలలు ఎక్కడ పెట్టుకోమంటావమ్మా?" అని మా పెద్దమ్మ అడిగింది. వేసవి ఎండ వాళ్లకు చాలినంత ఉంది. భయమల్లా సాయంత్రపు గాలివాన గురించే. గాలి తిరిగిందంటే వాన పడేలోపు వ్యవధి చాలా తక్కువ. పైపొర తడిగా ఉన్న చాపను మడవడానికి వీలులేదు, మడిస్తే పొరకు పొర అతుక్కుపోతుంది. అందుకే ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని పళ్లెంలా ఎత్తి లోపలికి తీసుకెళ్లాలి. మగవాళ్లు పొలంలో ఉంటే ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు. ముప్పై నలభై చాపల్లో సగమైనా లోపలికి చేరవు. మేము వెళ్లిన మూడో ఆదివారం సరిగ్గా అదే జరిగింది. నేను, చరిత్ర అమ్మాయి చాపలు మోశాము. వాన వెలిశాక మిగిలిన చాపల మీద తాండ్ర చినుకు దెబ్బలకు గుంటలు పడి, రంగు వెలిసి, నీళ్లు కారుతూ ఉంది. మా పిన్ని ఏమీ అనకుండా గరిటె తెచ్చి గీకడం మొదలుపెట్టింది.

కాబట్టి మాకు కావలసింది త్వరగా ఆరబెట్టే యంత్రం కాదనుకుంటున్నాము. ఒక్క మనిషి అయిదు నిమిషాల్లో నలభై చాపలనూ కప్పగలిగే ఏర్పాటు కావాలి. బి.కాం. తమ్ముడు లెక్క వేశాడు. ఒక వానకు ఒక ఇంటికి పోయే సరుకు విలువ కంటే కప్పు ఖర్చు రెండింతలు దాటితే ఎవరూ కొనరని, అందులోనూ వేసవి అయ్యాక వడియాలకు, మిరపకాయలకు కూడా పనికొస్తేనే కొంటారని తేల్చాడు.

పైరగాలి | మే 3, రాత్రి 9:00

చదివి చాలా సంతోషించాను. కప్పుకు పాలీహౌస్‌లో వాడే పారదర్శక షీటు సరిపోతుంది, ఎండకు త్వరగా చిట్లదు. ఒక జాగ్రత్త అవసరం. షీటును చాపలకు ఆనించి మూస్తే తాండ్ర నుంచి లేచే తేమ లోపలే నిలిచి, చుక్కలుగా మళ్లీ పొర మీదే పడుతుంది. రెండు చివరలా గాలి ఆడేలా ఖాళీ వదిలి, అక్కడ ఈగలు రాకుండా సన్నని జాలీ కట్టండి. కప్పు కింద, ఆరుబయట ఆరిన ముక్కలు విడివిడిగా పంపిస్తే కొలిచి పెడతాను. మేడమ్ ఒప్పుకున్నారు, రుసుము లేదు.

సంధానకర్త | మే 6, రాత్రి 10:10

రెండు క్రెడిట్ల ప్రతిపాదన అకడమిక్ కౌన్సిల్‌లో ఇంకా పెండింగులో ఉంది. ఒక సభ్యుడు ఇది కుటీర పరిశ్రమల శాఖ పని, విశ్వవిద్యాలయం పని కాదన్నారు. ఆయన్ను ఆ ఊరికి ఆహ్వానించాను. ఈలోగా కొన్ని పనులు జరిగాయి. మా వర్క్‌షాప్‌ను మంగళ, శుక్రవారాల్లో రాత్రి ఎనిమిది వరకు అన్ని శాఖలకూ తెరవడానికి రిజిస్ట్రార్ గారు ఉత్తర్వు ఇచ్చారు, స్టోర్ కీపర్‌కు బాధ్యత లేకుండా వినియోగ సామగ్రి లెక్క మండలికి మార్చారు. అయిదు వేల రూపాయలు తొమ్మిది రోజుల్లో చేతికొచ్చాయి. హక్కుపత్రం గారు చెప్పిన ఒక పేజీ ఒప్పందం మీద ముగ్గురు విద్యార్థులూ సంతకాలు చేశారు. ప్రతి ఇంటికీ ముందు చెప్పకుండా ఫొటోలు పెట్టకూడదన్న షరతు వాళ్లే చేర్చారు.

యంత్రశాల గారూ, మా ఫిట్టర్ సెలవులో ఉన్నాడు. కప్పును చుట్టి విప్పేలా పెట్టాలంటే చట్రానికి ఏ పైపు వాడాలో చెప్పగలరా?

యంత్రశాల | మే 7, ఉదయం 6:30

చట్రానికి ముప్పావు అంగుళం జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) పైపు చాలు, విల్లులా వంచి రెండు మీటర్లకొకటి పాతండి. షీటు చుట్టుకునే కడ్డీకి మాత్రం అంగుళం పైపు పెట్టి, ఒక చివర సైకిల్ పెడల్ కాడ లాంటి పిడి బిగించండి. ఆడవాళ్లు ఒంటిచేత్తో తిప్పగలగాలి కాబట్టి పిడి ఎత్తు నడుముకు సమానంగా ఉండాలి. మీ పెద్దమ్మ గారి నడుము ఎత్తు కొలిచి ఈరోజు ఇక్కడ రాయమ్మా. శుక్రవారం సెలవు పెట్టి మీ వర్క్‌షాప్‌కు వస్తాను, పిల్లల చేతనే వంపించి వెల్డింగ్ చేయిద్దాము.

గోదారి ఒడ్డు | మే 7, ఉదయం 8:05

ముప్పై ఏడు అంగుళాలండీ. మా పిన్ని ఇంకా పొట్టి, ముప్పై నాలుగు. ఇద్దరూ తిప్పాలి కాబట్టి పిడిని రెండు ఎత్తుల్లో బిగించుకునేలా రంధ్రాలు పెట్టవచ్చా?

యంత్రశాల | మే 7, ఉదయం 8:20

పెట్టవచ్చమ్మా. మూడు రంధ్రాలు పెడదాము.